ఇంటికి తీసుకెళ్ళండి

మా అమ్మ దృష్టిలో సెలైన్ ఎక్కించని ఆసుపత్రి ఆసుపత్రే కాదు. జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా, మంచం పక్కన స్టాండుకి సీసా వేలాడితేనే ఆవిడకి వైద్యం జరిగినట్టు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని, ఐదు నెలల నా కొడుకుని ఒళ్ళో వేసుకుని, కిందటి చలికాలం నారాయణగూడలో ఒక పిల్లల ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. వాడికి జలుబు దగ్గులోకి దిగింది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆయాసపడి రొమ్ము వదిలేస్తున్నాడు. మావారు పొద్దున్నే మమ్మల్ని అక్కడ దింపి బషీర్‌బాగ్‌లో ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఇక నేనూ, పిల్లాడూ, మా అమ్మ నోరూ మిగిలాం.

డాక్టరమ్మ నాకంటే చిన్నదే అయ్యుంటుంది. వీపు మీద స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా విని, చొక్కా పైకెత్తి డొక్కలు చూసి, కాలి బొటనవేలికి ఎర్రదీపం వెలిగే క్లిప్పు తగిలించింది. ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు వాచాయనీ, ఈ వయసు పిల్లలకి చలికాలంలో వచ్చేదేననీ, వీడికి తేలికగానే ఉందనీ చెప్పింది. "దీనికి మందంటూ ఏమీ లేదండీ. దానంతటదే తగ్గుతుంది. పాలు తాగుతున్నాడా, ఊపిరి ఇబ్బంది లేకుండా ఆడుతోందా, మనం చూసుకోవాల్సింది అంతే. ఇవాళ ఇక్కడే ఉంచి చూద్దాం."

ఆవిడ గుమ్మం దాటిందో లేదో మా అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"మందు లేదంటుందేమిటే ఈ పిల్ల! మందు లేకపోతే ఇంత ఆసుపత్రి ఎందుకు కట్టినట్టు?"

"నెమ్మదిగా మాట్లాడమ్మా, వింటారు."

"విననీ. సెలైన్ పెట్టమని నేనే అడుగుతాను."

అడిగింది కూడా, డాక్టరమ్మ కంటబడ్డ ప్రతిసారీ. సెలైన్ పెట్టరా, ఇంజక్షన్ ఇవ్వరా, పోనీ టానిక్కైనా రాయరా అని. డాక్టరమ్మ ప్రతిసారీ నవ్వి, "అవసరం లేదండీ" అనేది. రోజూ ఎంతమంది అమ్మమ్మలకి ఆ జవాబు చెబుతుందో గాని, ఆ నవ్వూ ఆ మాటా రెండూ ఆవిడకి అలవాటైపోయినట్టున్నాయి. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

మాది రెండు మంచాల గది. మధ్యలో ఆకుపచ్చ తెర. అవతలి మంచం మీద ఒక పాప, పక్కనే వాళ్ళమ్మ. ఆ అమ్మాయిని ఎక్కడో చూశాననుకుంటూ ఉండగా ఆమే ముందు గుర్తుపట్టి తెర పక్కకి జరిపింది.

"మీది అశోక్‌నగర్ల గా పచ్చగేటు ఇల్లు గద అక్కా? మేం మీ ఎదురుంగనే ఉంటం. బిల్డింగ్ల."

అప్పుడు గుర్తొచ్చింది. మా తాతగారు గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి కట్టుకున్న ఇల్లు మాది. దానికెదురుగా ఉన్న అలాంటి పాత ఇంటినే పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్నారు. ఆ దుమ్ము గురించి మేస్త్రీతో నేను పోట్లాడని వారం లేదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు అందులోనే, సెల్లార్‌లో, పరదాలు కట్టుకుని కాపురముంటారు. ఈ అమ్మాయి పొద్దున పూట ఇసుక జల్లెడ పడుతుంటే బాల్కనీలోంచి చూసేదాన్ని. చీర చెంగుతో కట్టిన ఉయ్యాల ఒకటి స్తంభాల మధ్య ఊగుతుండేది. అందులో ఉన్నది ఈ పాపేనన్నమాట. ఇద్దరు పిల్లలూ పీల్చింది ఒకటే దుమ్ము.

"మీ బాబుకు గూడ డొక్కలెగరేస్తున్నదా?" అని అడిగింది.

"కాస్త. మీ పాపకి?"

"నిన్న మస్తు పరేషాన్ చేసింది. రాత్రి ముక్కుకు గాలి పెట్టిండ్రు. ఇయ్యాల జర నయమే."

పాప ముక్కు కింద సన్నటి గొట్టం, బుగ్గల మీద ప్లాస్టర్లు. కాని నా కొడుకులా కాదు, పాలకి మహా ఆత్రం. ఆ పిల్ల గుటకల చప్పుడు తెర ఇవతలికి వినిపించేది. నా కొడుకేమో రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకునేవాడు. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళుగా ఉండేది. అది వాళ్ళ మొదటి బిడ్డట. పాప నాయనమ్మ గోడవార కూర్చుని, మనవరాలు గుటక వేసినప్పుడల్లా తనూ గొంతు కదిలించేది. పాప తండ్రి సెంట్రింగ్ పని చేస్తాడు. ఆ రోజు పని మానుకుని వరండాలోనే నిలబడి ఉన్నాడు, లోపలికి రావడానికి మొహమాటపడుతూ.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ముందు మా దగ్గరికి వచ్చింది. చూసి, "బాగున్నాడండీ. ఇంటికి తీసుకెళ్ళిపోండి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ మాత్రం చివరి ప్రయత్నంగా సెలైన్ సంగతి ఎత్తింది. డాక్టరమ్మ ఆ నవ్వు నవ్వేసి తెర దాటి అవతలికి వెళ్ళింది. నేను సంచిలో బట్టలు కుక్కుతున్నాను. తెర సగమే వేసి ఉంది కాబట్టి అంతా కనబడుతోంది, వినబడుతోంది.

పాపని చూసి, నర్సుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. రాత్రే గాలి ఆపేసి ఊరికే ఉంచిన ముక్కు గొట్టాన్ని నర్సు తీసేసింది. చేతికున్న సూదీ తీసేసి దూది అద్దింది. కాలి క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. పాప తండ్రి అప్పుడే లోపలికొచ్చాడు.

"మీ పాపది మైల్డే" అంది డాక్టరమ్మ.

"ఇంక ఏం చేయరాదా మేడమ్?"

"ఏమీ చేయక్కర్లేదు."

"మందులు, సూదులు?"

"మందులేమీ లేవు. ఇక్కడ మేం చేసేది కూడా ఏమీ లేదు. ఇంటికి తీసుకెళ్ళిపోండి."

మా అమ్మలాంటి వాళ్ళకి చెప్పీ చెప్పీ అరిగిపోయిన జవాబు అది. సెలైన్ కోసం బతిమాలే మరో మనిషి అనుకుంది అతన్ని. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతూ దండం పెట్టి, పక్కగదిలో ఎవరో పిలుస్తుంటే వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పడానికి నర్సు మళ్ళీ వచ్చేసరికి అవతలి మంచం ఖాళీ. దుప్పటి కూడా మడత పెట్టలేదు. "గంత తొందరేంది వీళ్లకు! జర ఆగితే ఏం పోతది?" అని నర్సు విసుక్కుంది. నాకొక్కదానికే అన్నీ చెప్పింది. ముక్కులో చుక్కలు వేసి పాలు పట్టాలి, కొంచెం కొంచెంగా మాటిమాటికీ పట్టాలి, పాలు మానేసినా డొక్కలు లోపలికి పీక్కుపోయినా వెంటనే తీసుకురావాలి. ఎదురిల్లే కదా, వాళ్ళకి నేను చెబుతాలే అన్నాను.

చిక్కడపల్లి మార్కెట్ దగ్గర కూరలు కొంటానని మా అమ్మ ఆటో ఆపించింది. ఇంటికొచ్చి, పిల్లాడికి పాలిచ్చి, వాణ్ణి పడుకోబెట్టి నేనూ కాస్త నడుం వాల్చాను. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదురుగా కాంక్రీటు మిక్సర్ ఆగిపోయి ఉంది. ఆ చప్పుడు ఆగితే హాయిగా ఉంటుందని ఎన్నిసార్లు అనుకున్నానో, తీరా ఆగితే ఏదోలా ఉంది. బాల్కనీలోకి వెళ్ళాను. రాంనగర్, అడిక్‌మెట్ బస్తీల్లో ఉండే వాళ్ళ చుట్టాలు కాబోలు, ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరే సెల్లార్‌లోకి దిగుతున్నారు. గేటు దగ్గర పాప తండ్రి ఎవరితోనో ఫోన్లో బండి మాట్లాడుతున్నాడు. ఊరికి పోవాలి, తొందరగా రావాలి అంటున్నాడు.

"పైనుంచి ఎవరో పడ్డట్టున్నారే" అంది మా అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను. పిల్లాణ్ణి ఆవిడ చేతిలో పెట్టి కిందికి దిగాను.

సెల్లార్‌లో వెలుతురు తక్కువ. సిమెంటు వాసన. మధ్యలో చాప మీద ఆ పాప, మీద కొత్త గుడ్డ కప్పి ఉంది. నాయనమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. ఆమె చేతిలో స్టీలు గ్లాసు, అందులో తులసాకులు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ వంగి, చెంచాతో ఆ నీళ్ళు పాప నోట్లో పోసి, కళ్ళు తుడుచుకుంటూ పక్కకి జరుగుతున్నారు. నీళ్ళు పడ్డప్పుడల్లా పాప ఉక్కిరిబిక్కిరవుతోంది. దగ్గడానికి కూడా ఓపిక లేదు. తల్లి స్తంభానికి ఆనుకుని ఎటో చూస్తోంది. ఆమె రవిక ముందు భాగమంతా పాలతో తడిసిపోయి ఉంది.

"ఏం చేస్తున్నారు? ఆ నీళ్ళేంటి?" అని అరిచాను.

"కడసారి నీళ్లు బిడ్డా" అంది నాయనమ్మ.

"కడసారేంటి? ఎవరు చెప్పారు మీకు?"

"డాక్టరమ్మనే చెప్పె గద. ఇంటికి తీస్కపొమ్మనె. ఇగ మాతోని ఏం గాదనె. పైపులు గూడ గుంజేసిరి."

పక్కనున్న ఆమె మాట కలిపింది, "అదేందో మైల్డ్ రోగమంట అమ్మా. దానికి మందే లేదంట."

అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. నేను ఆ పక్క వీధిలో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసే పిల్లలకి తెలుగు చెబుతాను. మాటలకి అర్థాలు చెప్పడమే నా పని. ఇంటికి తీసుకెళ్ళండి అన్న మాటకి రెండో అర్థం తెలియని తెలుగువాడు ఉండడు. మా ఇంట్లో తాతగారి విషయంలోనూ ఆ మాటే అన్నారు, మేమూ తులసినీళ్ళే పోశాం. కాని ఆ పొద్దున అదే మాట నా చెవిన పడ్డప్పుడు నేను సంతోషంగా సంచి సర్దుకున్నాను. వాళ్ళకి ఆసుపత్రి అంటే మా అంత అలవాటు లేదు. వాళ్ళవాళ్ళు ఎప్పుడు ఆసుపత్రికి పోయినా చివరిదాకా వచ్చాకే పోయారు, అందరికీ చివరికి ఆ మాటే వినబడింది.

"పాలిచ్చావా పాపకి?" అని తల్లిని కుదిపాను.

"ఇయ్యొద్దన్నరు అక్కా. పానం పోయేటప్పుడు పాలు గొంతుల అడ్డం పడ్తయంట. పిల్ల గోస పడ్తదంట."

"పోయే ప్రాణం కాదు అది! తగ్గిపోయింది కాబట్టి పంపేశారు. నా కొడుక్కీ అదే జబ్బు, వాడికీ అదే మాట చెప్పారు. వాడు మా ఇంట్లో నిక్షేపంలా ఉన్నాడు!"

ఎవరూ కదల్లేదు. కొడుకు బతికున్న మనిషి ఏదైనా చెబుతుంది అన్నట్టు చూశారు. నాయనమ్మ గ్లాసు కింద పెట్టలేదు. "మా మామకు గూడ పెద్ద దవాఖానల గిట్లనే అన్నరు బిడ్డా. ఇల్లు చేరంగనే పాయె" అంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆమె చేతిలో గ్లాసు లాక్కుని విసిరేశాను. పాపని ఎత్తుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పొద్దున ఆసుపత్రిలో చూసిన పిల్ల కాదు. నా అరుపులకి గేటు దగ్గరి నుంచి దిగొచ్చిన తండ్రి మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"బతుకుతదా అక్కా?"

"పద!" అన్నాను.

ఆటోలో తండ్రీ నేనూ ముందు సీటుకి ఆనుకుని కూర్చున్నాం. తల్లి పాపని గుండెకి హత్తుకుంది. చిక్కడపల్లి రోడ్డు మీద కోచింగ్ పిల్లలు, జిరాక్సు షాపులు, రోడ్డుకి అడ్డంగా బళ్ళు. ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. నేను దిగి ముందు పరుగెత్తి బళ్ళు పక్కకి తీయించాను, నోటికొచ్చిన తిట్లు తిట్టాను. తల్లి రొమ్ము పాప నోటికి అందిస్తూనే ఉంది. పాప నోరు తెరవలేదు.

డాక్టరమ్మ మమ్మల్ని చూసి మెట్ల మీదే పాపని అందుకుంది. లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. చాలాసేపటికి ఆవిడ బయటికి వచ్చి నన్ను పక్కకి పిలిచింది. నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయనీ, పొద్దుటి నుంచి పాలు లేక నీరసించిపోయిందనీ, ఊపిరాడటానికి మిషన్ పెట్టామనీ చెప్పింది. ఏం జరిగిందో నేను చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుంది.

"నేనేమన్నాను? బాగుందనే కదా అన్నాను?" అంది.

"మా వాడి విషయంలో బాగున్నాడన్నారు. వాళ్ళ దగ్గర ఆ మాట అనలేదండీ."

ఆవిడ పొద్దున తనన్న మాటలు ఒక్కొక్కటీ మెల్లగా పైకి అనుకుంది. మైల్డే. ఏమీ చేయక్కర్లేదు. మందులు లేవు. ఇంటికి తీసుకెళ్ళిపోండి. అన్నీ నిజాలే. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆవిడ మీద కోప్పడదామంటే నాకు కోపం రాలేదు. అందుకే ఇప్పటికీ ఈ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, ఊరికే ఇంట్లోవాళ్ళ మీద అరుస్తుంటాను.

ఆ తర్వాత నేను రోజూ వెళ్ళాను. డాక్టరమ్మ చెప్పింది వాళ్ళకి నేను చెప్పాలి, వాళ్ళు అడిగింది ఆవిడకి నేను చెప్పాలి. ఆవిడ ఇప్పుడు ప్రతి మాటా ఆలోచించి, మూడు రకాలుగా తిప్పి చెప్పేది. తల్లి లోపలికి వెళ్ళడానికి భయపడేది. అద్దంలోంచి చూసేది. పాప చేతికి, ముక్కుకి, నోటికి గొట్టాలు. మా అమ్మ కోరుకున్న సెలైన్ సీసా కూడా వేలాడుతోంది. మా అమ్మ ఒకరోజు వచ్చి అది చూసి వెనక్కి తిరిగింది.

ఒక సాయంత్రం పాప పోయింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, నా వైపు చూడకుండా, నేరుగా తల్లి ముందు నేల మీద కూర్చుని తనే చెప్పింది. చనిపోయింది అన్న మాటే వాడింది. వేరే మాటేదీ వాడలేదు.

ఊరికి తీసుకెళ్ళి మట్టి చేసి, వారం తిరక్కుండానే పనిలోకి తిరిగొచ్చారు. మిక్సర్ మళ్ళీ మోగుతోంది. నేను వాళ్ళని పలకరించడానికి సెల్లార్‌లోకి వెళ్ళాను. తల్లి చాప జరిపి కూర్చోమంది. ఆమెకి పాలు ఇంకా ఆగలేదు, గట్టిగా గుడ్డ కట్టుకుంది. నాయనమ్మ అవతల పొయ్యి దగ్గర ఉంది.

"డాక్టరమ్మ మంచిది అక్కా" అంది తల్లి. "దాచకుంట ముందే చెప్పింది. మాకే ఆశ సావలే. నీ మాట ఇని మల్ల తీస్కపోయి సూదులు పొడిపిస్తిమి పిల్లకు. నిన్ను అంటలే, నువ్వు మంచికే చేసినవ్. కాని ఇంట్లనే ఉంటే నా ఒళ్లనే పోతుండె గద."

అది నిజం కాదు, నీ బిడ్డకి ఏమీ కాలేదు, ఆ పొద్దున పాలిచ్చి పడుకోబెట్టి ఉంటే ఇప్పుడు ఈ చాప మీద ఆడుకుంటూ ఉండేది అని గొంతుదాకా వచ్చింది. చెప్పి తీరాలనిపించింది. అబద్ధం నాకు ఒంటికి పడదు. మనసులో ఉన్నది మొహం మీద అనేయడం మా ఇంటి రోగం.

ఈలోగా నాయనమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. కోడలికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. నేను గా నీళ్లు పోసినందుకేం గాలే గద?"

ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. తల్లి ఇటు తిరిగి నా జవాబు కోసం చూస్తోంది.

"నీళ్ళతో ఏం కాలేదవ్వా" అన్నాను. "డాక్టరమ్మ ముందే చెప్పింది కదా."